మీరు నింపిన తూటా రైఫిల్‌లో ఇరుక్కుంటోందా? కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి

"కంపెనీ తూటాలు నున్నగా పోతున్నాయి, నేను నింపినవే ఇరుక్కుంటున్నాయి. డై మార్చాలా, రైఫిల్ చూపించాలా?" నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు రెండూ అక్కర్లేదు. తూటా ఏ దశలో ఆగింది, దాని ఒంటి మీద రాపిడి ఎక్కడ పడింది అన్న రెండు విషయాలు చూడకుండా డైని తిప్పేస్తారు, పౌడర్ తగ్గిస్తారు, చాంబర్‌ను బరబరా తోముతారు. రోగమొకటి, మందొకటి.

మాటల గందరగోళం లేకుండా ముందే చెబుతున్నాను. ఇక్కడ తూటా అంటే మొత్తం రౌండ్. కేసు అంటే ఇత్తడి గొట్టం. బుల్లెట్ అంటే ముందు నుంచి ఎగిరిపోయే ముక్క మాత్రమే. కేసు సన్నబడే వాలు భాగం భుజం, దాని పైన బుల్లెట్‌ను పట్టుకునేది మెడ. కేసు అడుగున ఉండి పౌడర్‌ను అంటించేది ప్రైమర్. రైఫిల్‌లో తూటా కూర్చునే గది చాంబర్, దాన్ని వెనక నుంచి మూసేది బోల్టు. ప్రెస్‌లో బిగించి కేసును మళ్లీ ఆకారానికి తెచ్చే అచ్చు డై, ఆ పనే సైజ్ చేయడం. కేసు మూతిని బుల్లెట్ చుట్టూ నొక్కడం క్రింప్. ఒకేసారి ఒకేలా నింపిన తూటాల గుంపు లాట్.

ఇదంతా లైసెన్స్ ఉన్న రైఫిల్, మీరున్న చోట చట్టం ఒప్పుకునే రీలోడింగ్ (పేలిన కేసును మళ్లీ తూటాగా నింపడం) గురించి.

## 1. ఇరుక్కున్న ఆ నిమిషంలో

కారణం తర్వాత వెతుకుదాం. ముందు చేతులు, కళ్లు క్షేమంగా ఉండాలి.

- రైఫిల్ గొట్టం (బ్యారెల్) మూతి సురక్షితమైన దిక్కుకే ఉంచండి. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయండి. మ్యాగజైన్ ఊడదీయండి.
- ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే వెంటనే బోల్టు తెరవొద్దు. ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవచ్చు. కనీసం 30 సెకన్లు, వీలైతే నిమిషం ఆగండి.
- మామూలు మోత బదులు 'టప్' మని చిన్న శబ్దం వచ్చిందా? ఇంకో తూటా పెట్టకండి. బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోయి ఉండొచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.
- పేలని తూటా చాంబర్‌లో బిగుసుకుంటే మూతి వైపు నుంచి రాడ్ పెట్టి కొట్టకండి. బోల్టు పిడిని సుత్తితో బాదకండి, రైఫిల్‌ను నేలకు గుద్దకండి. చేతి బలానికి రాకపోతే అది గన్‌స్మిత్ పని.

బయటికొచ్చిన తూటాను ఇతర తూటాల్లో కలిపేయకండి. మీ దగ్గరున్న సాక్ష్యం అదే. విడిగా చిన్న డబ్బాలో వేసి 'ఇరుక్కుంది, పేల్చొద్దు' అని రాసి పెట్టండి.

## 2. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- 0.001 అంగుళం చూపే కాలిపర్
- భుజం స్థానం కొలిచే కంపారేటర్
- మీ కాలిబర్‌కు సరిపడే కేస్ గేజ్ (తూటా కొలత సరిచూసే అచ్చు)
- నల్ల మార్కర్, మంచి టార్చి
- చాంబర్ బ్రష్, గుడ్డ ముక్కలు
- బుల్లెట్ పుల్లర్, కళ్లద్దాలు
- అదే రైఫిల్‌లో పేల్చిన నాలుగైదు ఖాళీ కేసులు
- సమస్య ఉన్న లాట్ వివరాలు రాసుకున్న కాగితం

అన్నిటికన్నా ముఖ్యమైనవి డమ్మీలు. మీరు వాడే కేసులే తీసుకుని, అదే డైతో సైజ్ చేసి, ప్రైమర్, పౌడర్ లేకుండా బుల్లెట్ మాత్రం కూర్చోబెట్టండి. ఇలాంటివి రెండు మూడు చేయండి. ప్రైమర్ గుంట ఖాళీగా కనబడుతుంది కాబట్టి అసలు తూటాతో పొరబడే అవకాశం తక్కువ. చాంబర్ పరీక్షలన్నీ డమ్మీలతోనే, ఖాళీ కేసులతోనే. నింపిన తూటాలను ఇంట్లో టేబుల్ మీద రైఫిల్‌లో పెట్టి చూడటం అలవాటు చేసుకోకండి. వాటికి కేస్ గేజ్ ఉంది.

మొదలుపెట్టే ముందు చాంబర్ ఒకసారి శుభ్రం చేసి, పొడి గుడ్డతో నూనె తుడిచేయండి. మురికి చాంబర్‌లో చేసిన పరీక్ష అబద్ధం చెబుతుంది.

## 3. ఎక్కడ ఆగింది?

ఈ నాలుగింటిలో మీది ఏదో తేల్చుకోండి.

- మ్యాగజైన్ నుంచి లేవలేదు, ముక్కు గుచ్చుకుంది: 6కు వెళ్లండి.
- చాంబర్‌లోకి వెళ్లింది, బోల్టు పూర్తిగా మూసుకోలేదు: 4, 5.
- పేలింది, ఖాళీ కేసు బయటికి రావడం లేదు: 7.
- పేలింది, కేసు ఊడింది, కానీ తర్వాతి తూటా ఎక్కలేదు: 8.

చేత్తో నింపిన తూటాలతో వచ్చే ఇబ్బందుల్లో నేను చూసినంతవరకు రెండోదే ఎక్కువ. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

## 4. మార్కర్ పరీక్ష

సైజ్ చేసిన ఖాళీ కేసు ఒకటి తీసుకుని, మూతి నుంచి అడుగు దాకా మార్కర్‌తో నల్లగా పూయండి. రెండు నిమిషాలు ఆరనివ్వండి.

బోల్టు రైఫిల్ అయితే, మీకు విప్పడం వచ్చుంటే, బోల్టులోంచి ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టేది), ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టేది) తీసేయండి. ఎజెక్టర్ స్ప్రింగు కేసును పక్కకు నెడుతుంది. దానివల్ల లేని చోట రాపిడి గీత పడుతుంది. కేసును మ్యాగజైన్ నుంచి కాకుండా చేత్తో నేరుగా పెట్టండి. లేదంటే మ్యాగజైన్ పెదవుల గీతలు కూడా పడి లెక్క తప్పుతుంది.

బోల్టును రెండు వేళ్లతో నెమ్మదిగా మూయండి. ఎక్కడ బరువు తగిలిందో గుర్తుపెట్టుకుని తెరవండి. ఇప్పుడు కేసును టార్చి కింద తిప్పుతూ చూడండి. నలుపు పోయి ఇత్తడి మెరిసిన చోటే అసలు సంగతి ఉంది.

- భుజం మీద చుట్టూ ఉంగరంలా మెరుపు: భుజం ముందుకు ఉంది. 5.1
- మెడ అంచున, మూతి దగ్గర: కేసు పొడవెక్కువ. 5.2
- భుజం కింది మలుపు దగ్గర (సాధారణంగా డమ్మీలో): ఉబ్బు. 5.3
- అడుగుకు కాస్త పైన: కింది భాగం లావుగా ఉంది. 5.4

ఖాళీ కేసు సాఫీగా మూసుకుంటే ఇదే పరీక్ష డమ్మీతో చేయండి. కేసు బాగుండి డమ్మీ బిగుస్తోందంటే తప్పు సైజింగ్‌లో లేదు, బుల్లెట్ కూర్చోబెట్టడంలోనో క్రింప్‌లోనో జరిగింది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

## 5. బోల్టు మూసుకోకపోతే

### 5.1 భుజం వెనక్కి జరగలేదు

ఒకసారి నేను రాత్రి కూర్చుని 50 కేసులు సైజ్ చేసి నింపాను. మర్నాడు రేంజ్‌లో సగం మూసుకోలేదు. చాంబర్‌లో కార్బన్ పేరుకుందని తీర్మానించేసి రెండు గంటలు తోమాను. ఇంటికొచ్చి మార్కర్ పూస్తే భుజం మీద తళతళలాడే ఉంగరం. డైని కదలకుండా పట్టే లాక్ రింగ్ స్క్రూ వదులైంది. ఒక్కో కేసుకూ డై వెంట్రుకవాసి పైకి తిరుగుతూ పోయింది. చూసుకోవాల్సింది నేనే.

సరైన పద్ధతి కొలతతో మొదలవుతుంది. మీ రైఫిల్‌లో పేల్చిన కేసు ప్రైమర్ తీసేసి, కంపారేటర్‌తో భుజం కొలత రాసుకోండి. ఆ అంకె మీ పరికరానికే పరిమితం, వేరొకరి అంకెతో పోల్చొద్దు. సైజ్ చేశాక బోల్టు రైఫిల్‌కు భుజం 0.001 నుంచి 0.002 అంగుళం, సెమీ ఆటోకు (పేలాక తనే తర్వాతి తూటాను ఎక్కించుకునేది) 0.003 నుంచి 0.004 అంగుళం వెనక్కి జరిగితే చాలు.

డైని ఎంత తిప్పాలి? మామూలు రీలోడింగ్ డై మరకు అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక పూర్తి చుట్టుకు డై 0.071 అంగుళం దిగుతుంది. మనకు కావాల్సిన 0.002 కోసం గడియారం ముఖం మీద రెండు నిమిషాల గీతలంత తిప్పితే సరిపోతుంది. పావు చుట్టు, అర చుట్టు తిప్పే చేతులు ఇక్కడ పనికిరావు.

ఇంకొక మెలిక ఉంది. డై గోడలు ముందు కేసు పక్కలను నొక్కుతాయి. భుజానికి డై ఇంకా తగలకపోతే ఆ నొక్కిన ఇత్తడి పైకి జరిగి భుజాన్ని ముందుకు నెడుతుంది. అందుకే అరకొరగా సైజ్ చేసిన కేసు, అసలు సైజ్ చేయని కేసు కన్నా గట్టిగా బిగుస్తుంది. 'కొంచెం తిప్పాను, ఇంకా ఘోరమైంది' అని ఆగిపోకండి. కొలుస్తూ మరికాస్త దించండి.

అప్పటికీ భుజం జరగకపోతే:

- రామ్ (ప్రెస్‌లో కేసును పైకి తోసే కడ్డీ) పైకి వెళ్లినప్పుడు డైకి, షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే ముక్క) మధ్య వెలుతురు కనిపిస్తోందా? కేసు పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు.
- కందెన చాలడం లేదా? ముఖ్యంగా మెడ లోపల. అక్కడ పొడిగా ఉంటే కేసు బయటికొచ్చేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్ (మెడ లోపలి వెడల్పు సరిచేసే గుండు) మెడను లాగి, జరిగిన భుజాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది.
- చాలాసార్లు పేల్చిన కేసులా? ఇత్తడి గట్టిపడి స్ప్రింగులా వెనక్కి వస్తుంది. రామ్ పైన రెండు మూడు సెకన్లు ఆపి చూడండి. లేదా మెడ, భుజాలను అనీల్ చేయాలి, అంటే వేడి చేసి మెత్తబరచాలి. కేసు అడుగు భాగానికి మాత్రం వేడి తగలకూడదు.

అలాగని 'మళ్లీ ఇరుక్కోకుండా' డైని చివరిదాకా దించేయడం కూడా మంచిది కాదు. భుజం మరీ వెనక్కి పోతే పేలిన ప్రతిసారీ కేసు సాగుతుంది. అడుగుకు కాస్త పైన గోడ పలచబడి, ఓ రోజు రెండు ముక్కలవుతుంది.

### 5.2 కేసు పొడవు పెరిగింది

దీన్ని ఇరుక్కోవడంగా మాత్రమే చూడొద్దు. పొడవైన మెడ చాంబర్ చివర నొక్కుకుంటే బుల్లెట్‌ను వదలదు. ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. బలవంతంగా బోల్టు మూసి పేల్చారంటే అది జూదమే.

గరిష్ఠ పొడవు, కత్తిరించాల్సిన పొడవు అంగుళాల్లో:

- .223 రెమింగ్టన్: 1.760, 1.750
- .308 వించెస్టర్: 2.015, 2.005
- .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్: 2.494, 2.484

సైజ్ చేశాకే కొలవండి, ముందు కాదు. సైజింగ్‌లో కేసు సాగుతుంది. కత్తిరించాక మూతికి లోపలా బయటా గరుకు తీయండి. ఆ అంచు వదిలేస్తే బుల్లెట్ గీసుకుపోతుంది.

### 5.3 క్రింప్ తెచ్చిన ఉబ్బు

ఖాళీ కేసు బాగుంది, తూటా బిగుస్తోంది, మెరుపు భుజం కింది మలుపు దగ్గర ఉంది. సాధారణంగా ఇది సీటింగ్ డై (బుల్లెట్‌ను కూర్చోబెట్టే డై) చేసిన పని. డై బాడీ ఎక్కువ దిగితే లోపలి క్రింప్ మెట్టు మూతిని నొక్కి, మెడను కిందికి తోస్తుంది. భుజం పక్కకు ఉబ్బుతుంది. కంటికి కనపడనంత ఉబ్బు చాలు, బోల్టు ఆగిపోవడానికి.

పరిష్కారం సులువు. షెల్ హోల్డర్‌లో కేసు పెట్టి, రామ్ పైకెత్తి, డై బాడీని కేసు మూతి తగిలేదాకా దించండి. తర్వాత ఒక చుట్టు పైకి తిప్పి లాక్ చేయండి. బుల్లెట్ లోతును సీటింగ్ స్టెమ్‌తోనే (డై లోపల బుల్లెట్‌ను నెట్టే కడ్డీ) సరిచేయండి. క్రింప్ కావాలంటే దాన్ని వేరే దశగా, అన్నీ ఒకే పొడవుకు కత్తిరించిన కేసులకే చేయండి. పొడవులు తేడాగా ఉంటే ఒకదానికి క్రింప్ పడదు, పక్కదానికి ఉబ్బు వస్తుంది.

### 5.4 అడుగు దగ్గర లావు

వేరే రైఫిళ్లలో పేలిన, రేంజ్‌లో ఏరుకొచ్చిన కేసులతో ఇది ఎక్కువ. వదులు చాంబర్‌లో పేలిన కేసు అడుగు లావెక్కి ఉంటుంది. సాధారణ డై అక్కడిదాకా పూర్తిగా నొక్కలేకపోవచ్చు. స్మాల్ బేస్ డై (అడుగును ఇంకాస్త నొక్కేది) ఇందుకే ఉంది. మీ రైఫిల్‌లోనే పేల్చిన కేసులకు దాని అవసరం అరుదు.

### 5.5 బుల్లెట్ ముందుకు ఉంది

డమ్మీ బుల్లెట్ మీద సమాన దూరాల్లో చిన్న గీతలు పడ్డాయా? అది రైఫ్లింగ్‌ను (రైఫిల్ గొట్టం లోపలి మెలి గాళ్లు) తాకుతోంది. పేలని తూటాను వెనక్కి లాగితే బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయి, పౌడర్ యాక్షన్ (రైఫిల్‌లో బోల్టు కదిలే భాగం) అంతా ఒలికిపోవచ్చు. తాకేలా ఉన్నప్పుడు ఒత్తిడి కూడా మారుతుంది. కాబట్టి పౌడర్, పొడవు కొలతలిచ్చే డేటా పుస్తకంలో ఆ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవుకు కూర్చోబెట్టండి. బుల్లెట్ మారిస్తే ముక్కు వంపు మారుతుంది, పాత పొడవు పనికిరాదు.

### 5.6 ప్రైమర్ పైకి ఉంది

తూటాను గాజు పలక మీద నిలబెట్టండి. ఊగితే ప్రైమర్ పైకి ఉంది. సెమీ ఆటోలో ఇది ఇరుక్కోవడంతో ఆగదు, బోల్టు మూసుకుంటూనే పేలవచ్చు. ప్రైమర్ కేసు అడుగుకన్నా 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. గుంటలో మసి, లేదా సైనిక కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కి, తీయకుండా వదిలేసిన క్రింప్, ఈ రెండూ ముందు చూడండి. నింపిన తూటాలో పైకున్న ప్రైమర్‌ను మళ్లీ నొక్కే సాహసం చేయకండి. విడదీయండి.

## 6. మ్యాగజైన్ నుంచి ఎక్కకపోతే

మొత్తం పొడవు కొలవండి. ప్రామాణిక గరిష్ఠం .223కు 2.260, .308కు 2.800, .30-06కు 3.340 అంగుళాలు. అంతకు లోపే ఉన్నా మీ మ్యాగజైన్ గోడకు ముక్కు రాసుకుంటే ఇంకాస్త తగ్గాలి. ఒకే రైఫిల్‌లో ఒక మ్యాగజైన్‌తోనే వస్తుంటే తూటాలను తిట్టకండి, మ్యాగజైన్ మార్చి చూడండి.

మెడ పట్టు కూడా చూడాలి. ముక్కు గుచ్చుకున్న తూటాను కొలవండి. మొదట రాసుకున్న పొడవుకన్నా తగ్గిందా? బుల్లెట్ లోపలికి జారింది. దాన్ని పేల్చొద్దు, ఒత్తిడి పెరుగుతుంది. డమ్మీ ముక్కును చెక్క టేబుల్‌కు ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి, మళ్లీ కొలవండి. జారితే ఎక్స్‌పాండర్ పెద్దదైంది, లేదా ఇత్తడి పట్టు పోయింది.

రిమ్ (కేసు అడుగు అంచు) మీద ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) లేపిన ముల్లు ఉంటే సన్న ఆకురాయితో ఒక్క గీటు చాలు.

## 7. పేలాక కేసు రాకపోతే

ఇక్కడ ముందు ఒత్తిడినే అనుమానించండి. బోల్టు బరువుగా లేచిందా? కేసు అడుగు మీద ఎజెక్టర్ రంధ్రం ఆకారంలో మెరిసే మచ్చ ఉందా? ప్రైమర్ అప్పడంలా చదునైందా, చిల్లు పడిందా? కొత్త ప్రైమర్ వేలితోనే దిగేంతగా గుంట వదులైందా? వీటిలో ఒక్కటి కనిపించినా ఆ లాట్ అక్కడితో ఆపేయండి. 'ఇంకో రెండు పేల్చి చూద్దాం' అనే మాట వద్దు.

చదునైన ప్రైమర్ ఒక్కటే రుజువు కాదు, నిజమే. కానీ బిగుసుకున్న బోల్టుతో కలిసి కనిపిస్తే ఇంక వాదన అనవసరం.

వెతకాల్సినవి:

- పౌడర్ తూచే త్రాసు సున్నా సరిగా ఉందా? పరీక్ష తూనికరాయి పెట్టి చూడండి.
- కేసు బ్రాండ్ మారిందా? గోడ మందంగా ఉన్న కేసులో ఖాళీ తక్కువ, అదే పౌడర్‌కు ఒత్తిడి ఎక్కువ.
- చలిలో సరిచూసిన లోడ్‌ను (పౌడర్ కొలత) మండుటెండలో పేలుస్తున్నారా?
- కేసు మీద కందెన తుడవలేదా? నూనె ఉంటే కేసు చాంబర్ గోడను పట్టుకోదు, తోపంతా బోల్టు మీద పడుతుంది.

కారణం దొరికినా, దొరకకపోయినా ముద్రిత డేటాలోని ప్రారంభ తూకం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఒత్తిడి గుర్తులేవీ లేకుండా కేసు ఇరుక్కుంటే చాంబర్ తుప్పు, గరుకు చూడండి. కంపెనీ కేసులు కూడా అలాగే అంటుకుంటే అది తూటా తప్పు కాదు.

బయటికొచ్చింది సగం కేసే అయితే మిగతా సగం చాంబర్‌లో ఉన్నట్టే. తర్వాతి తూటా సగంలో ఆగడానికి అదే కారణం. దాన్ని తీయడానికి ప్రత్యేక ఎక్స్‌ట్రాక్టర్ దొరుకుతుంది. మిగిలిన కేసుల్లో పేపర్ క్లిప్ తీగ చివర కొంచెం వంచి, లోపల అడుగు నుంచి పైకి గీకండి. గాడిలో పడినట్టు తట్టిన కేసు పారేయాల్సిందే. బయట మెరిసే సన్న ఉంగరం కూడా అదే చెబుతుంది.

## 8. సెమీ ఆటో సగం దూరమే వెళితే

ఆఖరి తూటా తర్వాత బోల్టు వెనక నిలవడం లేదు, ఖాళీ కేసులు కాళ్ల దగ్గరే పడుతున్నాయి అంటే బోల్టును వెనక్కి నెట్టే గ్యాస్ చాలడం లేదు. లోడ్ మరీ తక్కువ కావచ్చు, పౌడర్ మండే వేగం ఆ రైఫిల్‌కు నప్పకపోవచ్చు. యాక్షన్ ఆరిపోయి నూనె లేకపోయినా ఇలాగే ఉంటుంది, అది ముందు చూసుకోండి.

పౌడర్ పెంచడం, లేదా నెమ్మదిగా మండేది వేయడం అనే ఆలోచన వెంటనే వస్తుంది. తొందరపడకండి. ఎం1 గారండ్ లాంటి రైఫిల్‌లో నెమ్మది పౌడర్ గ్యాస్ రంధ్రం దగ్గర ఒత్తిడి పెంచి బోల్టును నడిపే ఆపరేటింగ్ రాడ్‌నే వంచేస్తుంది. ఆ రైఫిల్ కోసమే ఇచ్చిన డేటా దాటకండి.

## 9. ఎక్కువమంది చేసే పొరపాట్లు

- ఒకేసారి మూడు మార్పులు చేయడం. సమస్య పోయినా ఏది పోగొట్టిందో తెలియదు.
- కేస్ గేజ్‌లో దిగింది కాబట్టి రైఫిల్‌లోనూ దిగుతుందనుకోవడం. గేజ్ మీ చాంబర్ కాదు.
- ఒక్క కేసుతో డై సరిచేసి 200 నింపేయడం. మొదటి ఐదు, ఆ తర్వాత ప్రతి పదిహేనింటికొకటి కొలవండి.
- భుజం మీద నొక్కు పడితే కేసు పాడైందనుకోవడం. ఎక్కువ కందెన చేసే పని అది. చిన్న నొక్కు పేలాక సర్దుకుంటుంది. డైని కడిగి కందెన తగ్గించండి.

## 10. సరిచేశాక, పాత లాట్ సంగతి

మార్పు చేశాక డమ్మీతో చాంబర్, మ్యాగజైన్ రెండూ పరీక్షించండి. తర్వాత పదే నింపండి. రేంజ్‌లో ఒక్కోటి పేల్చి, కేసు చూసి, అప్పుడే రెండోది.

ఇరుక్కున్న లాట్‌లో మిగిలిన తూటాలన్నీ గేజ్‌లో వేసి వేరు చేయండి. దిగనివాటిని విడదీయడానికి కళ్లద్దాలు పెట్టుకోండి. ప్రైమర్లు అంటుకోకుండా సుత్తి పుల్లర్‌ను నిదానంగా వాడండి. నింపిన తూటాను సైజింగ్ డైలోకి మళ్లీ తోయడం మాత్రం ఎప్పటికీ వద్దు.

బయటికొచ్చిన పౌడర్ ఏదో వందశాతం తెలిస్తే తప్ప అసలు డబ్బాలో తిరిగి పోయకండి. లాట్ కాగితం మీద తేదీ, కారణం, డై ఎంత తిప్పారో రాయండి. నా కాగితాల్లో ఒకదాని మీద ఇప్పటికీ పెద్ద అక్షరాల్లో ఉంది: 'లాక్ రింగ్ స్క్రూ చూసుకో'.